వానలోకి నలభై అడుగులు

గుమ్మం నుంచి వాన కొలిచే డబ్బా దాకా సరిగ్గా నలభై అడుగులు. ముసలివాళ్లు నడిచినా నిమిషం పట్టదు. వాన పడుతుండగా ఆ నలభై అడుగులు వేయలేక రెండేళ్లుగా కిటికీ దగ్గరే కూర్చుంటున్న మనిషిని అందరూ వానమాస్టారనే పిలుస్తారు. పేరు పెట్టేటప్పుడు జనం ఆచితూచి పెడతారా ఏమిటి.

ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నదే. గుట్ట మీద రెండు గదుల కేంద్రం. ముందు గదిలో ఫోను, రిజిస్టరు. వెనక గదిలో కాపురం. పెరట్లో కంచె మధ్య ఒక డబ్బా, దాని మీద గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, సీసా ఖాళీ చేసి మళ్లీ పెట్టి, రిజర్వాయరుకు ఫోన్ చేసి చెప్పాలి. అక్కడ గేట్లు ఎత్తేదీ దించేదీ మాస్టారి సొంత బావమరిది. బావ చెప్పిన అంకెను బట్టే ఎన్ని గేట్లు ఎత్తాలో తేల్చుకుంటాడు. గేట్లకు దిగువన, ఏటి పక్కన పల్లపు వీధి ఉంది. అందులో మూడో ఇల్లు బావమరిదిది. ఆ ఇంట్లో మంచాన పడి ఉన్న పెద్దావిడ మాస్టారికి అత్తగారు.

ఎండ కాసినన్నాళ్లూ మాస్టారంత నిఖార్సైన ఉద్యోగి మరొకడు దొరకడు. చినుకు పడిందంటే మాత్రం కాళ్లు గుమ్మం దగ్గరే మొరాయించేవి. కిటికీలోంచి చూసి, రేకుల మీద మోత విని, ఏదో ఒక అంకె చెప్పేసేవాడు. వాన వెలిశాక వెళ్లి సీసాలో ఉన్నదంతా కొలిచి, చెప్పిన అంకెలకు అటూ ఇటూగా రిజిస్టర్లో సర్దేసేవాడు. నెల మొత్తం చక్కగా సరిపోయేది, రోజులు మాత్రం కాకిలెక్కలు. పై ఆఫీసువాళ్లు చూసేది నెల మొత్తమే. ఒకసారి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు. దాన్ని గోడకు తగిలించడానికి మనసొప్పలేదు, చింపడానికి చేతులు రాలేదు. సొరుగులో పడేశాడు.

ఈసారి వాన మూడు రోజులైనా వెలవలేదు. మొదటి రోజు ముప్పై ఒకటన్నాడు. రెండో రోజు ముప్పై ఆరు. మూడో రోజు ఉదయం కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచి, బయటికి చూసి, నలభై రెండన్నాడు. ఉత్త నలభై అంటే ఉజ్జాయింపు అనుకుంటారు, చివర చిన్న తోకుంటే కొలిచి చెప్పినట్టుంటుంది. రెండేళ్లలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

పదకొండింటికి ఫోన్ మోగింది.

"బావా, ఎంత?"

బావమరిది ఏళ్ల తరబడి ఫోన్లో అనే మొదటి మాట అదే. బాగున్నావా, భోంచేశావా అన్నవి ఆ తర్వాత. ఈ రెండేళ్లుగా ఆ మాట వింటే మాస్టారు ముందు కిటికీ వైపు చూస్తాడు.

"పొద్దున్నే చెప్పాను కదరా, నలభై రెండని."

"ఆ లెక్కకి ఇంత నీళ్లు రాకూడదు బావా. గంటకి జానెడు పెరుగుతోంది. నీ అంకె పట్టుకుని రెండు గేట్లే ఎత్తి కూర్చున్నా. ఇంకోసారి చూసి చెప్పు. నిజంగా అంతే పడిందంటే సాయంత్రానికి తగ్గుముఖం పడుతుంది. ఎక్కువ పడిందంటే అన్నీ ఎత్తేయాలి, లేకపోతే కట్ట ఆగదు. అన్నీ ఎత్తితే వీధి మునుగుతుంది. ముందే ఖాళీ చేయించడానికి గంట కావాలి నాకు."

"మరి అత్తయ్య?"

"అమ్మని మంచంతో సహా నలుగురు మోయాలి. అందుకే ఇంతగా అడుగుతున్నా. ఊరికే లేపి వానలో తిప్పానంటే ఆవిడ నోరు తెలుసుగా, నన్ను బతకనిస్తుందా."

నవ్వాడు బావమరిది. మాస్టారు కూడా నవ్వాననిపించి, "పది నిమిషాల్లో చెప్తా" అని పెట్టేశాడు.

ఎక్కువే పడిందిరా, ఎత్తెయ్ అనడానికి నోరు చాలు. కానీ అలా అంటే, పొద్దున నలభై రెండు ఎక్కణ్ణుంచి వచ్చింది బావా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకన్నా వానే నయమనుకున్నాడు మాస్టారు. వెళ్లి, చూసి, నిజం అంకె తెచ్చి చెబితే పాత పాపాలన్నీ గుట్టుగా కొట్టుకుపోతాయి. మనిషి ఆశకు అంతెక్కడ.

తలుపు పక్కన రబ్బరు బూట్లున్నాయి. భార్య ఉన్న రోజుల్లో ఆయన వానకు గునిసినప్పుడల్లా, "వాన సంగతి తర్వాత చూద్దాం, ముందు బూట్లు తొడుక్కోండి" అనేది. తొడుక్కున్నాక కాళ్లే నడిచేవి. అదేం మంత్రమోగాని ఇరవై నాలుగేళ్లు పనిచేసింది. మాస్టారు స్టూలు మీద కూర్చుని కుడి బూటు తొడుక్కున్నాడు. ఎడమది చేతిలోకి తీసుకుని, అలాగే ఉండిపోయాడు.

రెండేళ్ల కిందట కూడా ఇలాంటి వానే. ఎనిమిదిన్నర కావస్తుంటే దుప్పటి ముసుగులోంచి, "ఒళ్లు వెచ్చగా ఉంది, నువ్వు చూసిరా" అన్నాడు. ఒళ్లు భేషుగ్గా ఉంది. బద్ధకం, అంతకుమించి ఏమీ లేదు. ఆవిడకూ తెలుసు. "మీ జ్వరానికి టైము బాగా తెలుసే" అని వెక్కిరించి, ఆయన బూట్లే తొడుక్కుని వెళ్లింది. ఆ బూట్లు ఆవిడకు వదులు. కాసేపాగి ఆయన మంచం మీంచే "ఎంత?" అని కేకేశాడు. జవాబు రాలేదు. "నిన్నే, ఎంత?" అన్నాడు. అలిగిందనుకున్నాడు. మూడోసారి విసుక్కుంటూ అరిచాడు. ఇరవై నిమిషాలకు, తడవకుండా గొడుగు వెతుక్కుని మరీ బయటికి వెళ్లాడు. కంచె దగ్గర రాతిమెట్టుకు తల కొట్టుకుని పడి ఉంది. ఒక బూటు కాలికే ఉంది. రెండోది ఊడి, దాని నిండా వాననీళ్లున్నాయి.

బావమరిదికి జ్వరమనే చెప్పాడు. అతను నమ్మాడు. "నీ తప్పేముంది బావా" అని భుజం పట్టుకుని ఏడ్చాడు కూడా. ఆ ఓదార్పును మాస్టారు ఈనాటికీ అరిగించుకోలేకపోయాడు.

ఫోన్ మోగింది. బూటు చేతిలో పట్టుకునే వింటూ కూర్చున్నాడు. మోగి మోగి ఆగిపోయింది. లేచి గుమ్మం దాకా వెళ్లాడు. జల్లు మొహానికి కొట్టగానే వెనక్కి వచ్చి మళ్లీ స్టూలు మీద కూలబడ్డాడు. యాభై ఆరేళ్ల మనిషి, వాన నీళ్లకు కాకుండా వాన చప్పుడుకు వణుకుతున్నాడు. ఫోన్ మళ్లీ మోగింది. అప్పుడు గడియారం వైపు చూశాడు. పదకొండూ నలభై.

ఆ రోజు ఇరవై నిమిషాలు పడుకుని ఉన్నాడు. ఇవాళ నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఆ లెక్క మాత్రం కిటికీలోంచి చూసి చెప్పింది కాదు. ఎడమ బూటు అక్కడే పడేసి, ఒక కాలు బూటుతో, ఒక కాలు వట్టిగా, వానలోకి దిగాడు.

అనుకున్నంత ఘోరంగా ఏమీ లేదు. అదే ఆయన గుండెను కోసేసింది. చల్లగా ఉంది, కళ్లలో నీళ్లు పడుతున్నాయి, కాలు బురదలో జారుతోంది. ఇంతే. ఇంతమాత్రానికే రెండేళ్లు భయపడ్డాడు. రాతిమెట్టు పట్టుకుని దాటి, కంచె తలుపు తీసి, గరాటు ఎత్తి చూశాడు.

సీసా నిండిపోయి ఉంది. సీసాను పెట్టిన డబ్బా కూడా అంచుదాకా నిండి, పైనుంచి నేల మీదికి పొర్లుతోంది. మూడు రోజుల వాన అది. రోజూ ఖాళీ చేసి ఉంటే ఏ రోజుది ఎంతో తెలిసేది. ఇప్పుడు డబ్బాలో ఉన్నది ఎంతో చెప్పవచ్చు, పొర్లిపోయింది ఎంతో మాత్రం ఎవరూ చెప్పలేరు. తీరా ధైర్యం చేసి వస్తే, ఇక్కడ తీసుకెళ్లడానికి అంకె లేదు.

పరుగెత్తుకెళ్లి ఫోన్ చేశాడు.

"బావా, ఎంత?"

"తెలీదురా. సీసా పొంగిపోయింది. మూడు రోజుల్నుంచీ నేను బయటికెళ్లలేదు. రెండేళ్లుగా వానలో ఒక్కరోజు కూడా వెళ్లలేదు. చెప్పినవన్నీ కిటికీలోంచి చూసి చెప్పినవే. అన్నీ ఎత్తెయ్."

అటువైపు నీళ్ల హోరు వినిపిస్తోంది.

"నేను ఫోన్ చేసినప్పుడే ఈ మాట అనుంటే నలభై నిమిషాలు దొరికేవి బావా" అన్నాడు బావమరిది. గొంతులో కోపం కూడా లేదు. "ఇప్పుడు నీరు కట్ట మీదికొచ్చేసింది. సైరన్ వేసి ఎత్తేయడమే. కాళ్లున్నవాళ్లు పరిగెడతారు."

"నేను వెళ్తా వీధికి."

"గుట్ట దిగే దారిలో కల్వర్టు పొద్దున్నే మునిగింది. నువ్వెక్కడికీ వెళ్లలేవు." అదే గొంతుతో, "అక్క పోయిన రోజు నీకు జ్వరమేనా?" అన్నాడు.

"కాదు" అన్నాడు మాస్టారు.

ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. సైరన్ గుట్ట మీదికి వినపడింది. మాస్టారు బయటికెళ్లి సీసా, డబ్బా ఖాళీ చేసి, తుడిచి, గరాటు బిగించి, టైము చూసుకున్నాడు. పన్నెండు దాటి అయిదు నిమిషాలు. ఇక గదిలోకి వెళ్లబుద్ధి కాలేదు. కంచె పట్టుకుని వానలో అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు ఎంతసేపైనా నిలబడగలడు, దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

రెండింటికి ఫోన్ మోగితే పరుగెత్తాడు.

"అమ్మని మంచంతో సహా ఎత్తారట" అన్నాడు బావమరిది. "వీధి చివరి దాకా తెచ్చారట. మంచం ఒక్కటే దొరికింది."

మాస్టారు ఇంకో మాట కోసం ఎదురుచూశాడు. అతను ఎంత అని కూడా అడగలేదు. పెట్టేశాడు.

రెండున్నరకు మాస్టారు సీసా తీసి, నీళ్లు గీతల గ్లాసులో కొంచెం కొంచెంగా పోసి, ఒక్క చుక్క పోనివ్వకుండా కొలిచాడు. కంటికి ఎదురుగా పట్టుకుని ప్రతిసారీ రెండుసార్లు చూసుకున్నాడు. డెబ్బై ఎనిమిది. రెండేళ్లలో ఆయన వానలో నిలబడి కొలిచిన మొదటి అంకె. దాన్ని అడిగేవాళ్లు ఇక లేరు.

గది వైపు తిరిగాడు. తలుపు బార్లా తెరిచి ఉంది.

"డెబ్బై ఎనిమిది" అని కేకేశాడు.

కాసేపు ఆగి, వినపడలేదేమోనన్నట్టు ఇంకోసారి గట్టిగా కేకేశాడు.