అంతమ్మ తెచ్చిన అన్నం

ఇరవై గులాబీలకు ఒక కట్ట. కాడ కింది సగానికి ఆకులు దూసి, ముళ్ళు గీకి, మొగ్గలన్నీ ఒకే ఎత్తుకు వచ్చేలా బల్ల మీద తట్టి, రబ్బరు వేసి అట్ట చుట్టాలి. అంతమ్మ పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తోంది. వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి, ముల్లు దిగినా తెలియదు. అట్టకు రక్తం అంటితే మాత్రం సూపర్‌వైజరు మహేశ్వర్ గొణుగుతాడు. తోట మొయినాబాద్ దాటాక, చేవెళ్ల రోడ్డు మీద ఉంది. ప్లాస్టిక్ పందిళ్ళ కింద ఏడాది పొడుగునా పూసే ఈ పూలు ఫంక్షన్ హాళ్ళకు పోతాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీల వేదికలకు పోతాయి. కోసినవాళ్ళ కొప్పుల్లోకి మాత్రం ఒక్కటీ ఎక్కదు.

ఆ సోమవారం తెల్లవి మాత్రమే కోయమన్నారు. రెండు రోజుల కిందట నేపాల్‌లో పెద్ద భూకంపం వచ్చింది. గచ్చిబౌలిలో ఏదో కంపెనీవాళ్ళు అక్కడి జనం కోసం దుప్పట్లూ బట్టలూ పోగుచేస్తూ సాయంత్రం సభ పెట్టుకున్నారట, వేదికకు నాలుగు వందల తెల్ల గులాబీలు కావాలట. దుప్పట్లు మంచి ఆలోచనే. పూలు ఎవరికో అంతమ్మకు అర్థం కాలేదు.

పక్క బల్ల దగ్గర అవే పూలకు ముళ్ళు గీకుతున్నది దిల్‌మాయ. నేపాలీ మనిషి, తోటలోకి వచ్చి నాలుగేళ్ళయింది. మొగుడు కుల్‌బహదూర్ గండిపేటలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా కాస్తాడు. తొమ్మిదేళ్ళ కొడుకూ, ఆరేళ్ళ కూతురూ భూకంపం వచ్చిన గోర్ఖా కొండల్లో నానమ్మ దగ్గర ఉన్నారు. శనివారం మధ్యాహ్నం నుంచి అక్కడికి ఫోను కలవడం లేదు. స్విచాఫ్ అని కూడా చెప్పడం లేదు. పది గంటలకు కుల్‌బహదూర్ ఆటోలో వస్తే ఇద్దరూ సికింద్రాబాద్ వెళ్ళి రైలెక్కాలి. అప్పటిదాకా తోటలోని తన గదిలో కూర్చోలేక ఆమె పనిలోకి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి అందరికీ భయమే.

అంతమ్మకు ఓదార్చే మాటలు రావు గానీ ఒక పని వచ్చు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు, ఇరుగుపొరుగు వండి పట్టుకుపోవాలి. ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఆ గిన్నె మొదట వెళ్ళేది అంతమ్మ ఇంటి నుంచే. ఆమెకు పిల్లలు లేరు. పెళ్ళికి పిలవడం మరిచిపోయినవాళ్ళు కూడా చావు కబురు ఆమెకే ముందు పంపుతారు. ఆమె వెళ్ళి గిన్నె గడప పక్కన పెట్టి, తినమని కూడా అనకుండా పక్కన కూర్చుంటుంది. అది ఆమె పద్ధతి. మూడేళ్ళ కిందట భర్త శివయ్య పోయేనాటికి ఊరి భూములన్నీ ప్లాట్ల వెంచర్లయి, ఆడవాళ్ళు పొద్దున్నే తలోదిక్కు పనులకు పోతున్నారు. ఎవరో మొయినాబాద్ హోటల్ నుంచి బిర్యానీ పొట్లం తెప్పించి పెట్టారు. అంతమ్మ తప్పు పట్టలేదు. రోజుకు వందసార్లు రబ్బరు వేసే మనిషి, ఆ పొట్లం రబ్బరు విప్పలేక ఏడ్చింది.

ఆ సోమవారం తెల్లవారుజామున అంతమ్మ లేచి, మరో ఆలోచన లేకుండా బియ్యం కడిగింది. అన్నం, పప్పు, ఇంత చింతపండు చారు. తొమ్మిదింటికి దిల్‌మాయ పని ఆపి లేవగానే ఆమె వెనకే గదికి వెళ్ళి, గిన్నె గడప పక్కన పెట్టి కూర్చుంది.

సంచి సర్దుతున్న దిల్‌మాయ గిన్నె వైపు చూసింది. నిరుడు తోటలో పనిచేసే సాయిలు తల్లి పోయినప్పుడు అంతమ్మ వెంట చారు గిన్నె మోసుకొచ్చింది ఆమే.

"ఎవరు చెప్పిండ్రు అవ్వ?" అంది.

"ఏంది బిడ్డ?"

"ఇద్దరా? ఒక్కరా?"

గిన్నెను ఆమె ఎలా అర్థం చేసుకుందో అంతమ్మకు అప్పుడు తట్టింది. చావును వెతుక్కుంటూ ఎన్నో ఇళ్ళకు వెళ్ళింది గానీ, తానే మోసుకొచ్చి ఒకరి గడపలో పెట్టడం ఇదే మొదలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఎవ్వరేం చెప్పలే. నాకేం ఎరుక లేదు బిడ్డ. లేసిన, చేతులు అలవాటు మీద వండినయి. నాకు బుద్ధి లేకపాయె."

"నువ్వు ఊకెనే తేవు అవ్వ."

నిజమే, అంతమ్మ ఊరికే ఏ ఇంటికీ గిన్నె తీసుకుపోలేదు. గిన్నె ఎత్తి బయటికి తీసుకెళ్ళి, ఎరువు బస్తాల వెనక పెట్టి తిరిగొచ్చింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. లోపలికి వెళ్ళి మూడు రాళ్ళ పొయ్యి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"పొయ్యి ముట్టియ్యి. నాకు ఆకలైతున్నది. రొట్టె చేసి పెట్టు, తిని పోత."

"ఆటో వస్తది అవ్వ."

"వస్తే జర ఆగుతది. నీ ఇంట్ల ఏం కాలే. ఏం కాని ఇంట్ల పొయ్యెందుకు ముట్టియ్యవు?"

ఎవరింట్లోనూ తిని చెయ్యి కడగని మనిషి అంతమ్మ. దిల్‌మాయకు ఆ సంగతీ తెలుసు. మూలన ఉన్న ఎండు గులాబీ కొమ్మలు విరిచి పొయ్యిలో పెట్టింది. కత్తిరించి పారేసే ఆ కంపే వాళ్ళకు వంటచెరకు. మంట అంటుకుంది. డబ్బాలో మిగిలిన గోధుమపిండి కంచంలోకి ఒంపి నీళ్ళు చల్లి కలపసాగింది. పిండి ముద్దవుతుండగా, పాపకు రొట్టె అంచులు నచ్చవని, తుంచి అన్న కంచంలో వేస్తుందని తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది. చచ్చిపోయినవాళ్ళ గురించి అలా చెప్పరు. అంతమ్మకు కొంచెం ఊపిరాడింది.

పెనం పొయ్యెక్కేలోగా ఆటో హారన్ మోగింది. కుల్‌బహదూర్ గుమ్మంలోకి వచ్చాడు. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు.

"చలో మాయా," అన్నాడు. రైలుకు టైము లేదని చేతి గడియారం చూపించాడు.

దిల్‌మాయ లేచింది. చేతులు కడుక్కోలేదు. పిండి వేళ్ళతోనే సంచి అందుకుంది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగింది.

"పొయ్యి ఆర్పకు అవ్వ."

"ఆర్ప. నువ్వు పో బిడ్డ."

ఆటో చప్పుడు చేవెళ్ల రోడ్డెక్కి బస్సుల మోతలో కలిసిపోయింది. పిల్లలు దొరుకుతారో లేదో అంతమ్మకు తెలియదు. దొరికేదాకా రైల్లోనూ బస్సులోనూ ఆ తల్లి కళ్ళ ముందు తన గిన్నె ఉంటుందని మాత్రం తెలుసు. తిన్నానన్న మాటైనా వెంట పంపలేకపోయింది. తోటలోంచి మహేశ్వర్ పిలిచాడు, వ్యాను వచ్చిందట, ఇంకా మూడు కట్టలు తక్కువట.

"వస్తున్న," అంది గానీ లేవలేదు. గులాబీ కంప త్వరగా కాలిపోతుంది, ఎవరో ఒకరు పెడుతూనే ఉండాలి. ఆమె ఇంకో కొమ్మ విరిచి మంటలోకి తోసింది. కంచంలో పిండి ముద్ద మీద దిల్‌మాయ నొక్కి చూసిన నాలుగు వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి.