దండ వెనక తలుపు

“మా అన్నను చంపింది మీరే! చంపిందీ మీరే, దండేస్తున్నదీ మీరే. సిగ్గు లేదా మీకు?”

ఇంద్రజ అరుపుకు మైకు పట్టుకున్న గోదాము యజమాని పురుషోత్తం సేటు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆయన వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న బట్టల వ్యాపారులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టీ పంచుతున్న హమాలీ పళ్లెం పట్టుకుని ఎక్కడివాడక్కడ నిలబడ్డాడు.

నిజానికి ఆమె అరవడానికి రాలేదు. సంతోషంగానే వచ్చింది. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. అన్న వర్ధంతికి ఎవరో ఒకరు పిలిచారు కదా అని, అన్న కొనిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుని, ధూల్‌పేట్ నుంచి ఆటోలో వచ్చింది.

అన్న పేరు బాలనర్సింహ. ఫైర్‌స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయి తిరిగొచ్చిన చెల్లెలు, తను. ఇద్దరే ఇల్లు. ఇప్పుడు ఆమె ఒక్కతే. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ బతుకుతోంది. చుట్టుపక్కల వాళ్లు మంచివాళ్లే. మొదట్లో వచ్చి కూర్చున్నారు, ఏడ్చారు, తర్వాత వినాయక విగ్రహాలు చేసే తమ పనుల్లో పడిపోయారు. ఆయన పేరెత్తితే ఈమె ఏడుస్తుందని ఎత్తడం మానేశారు. పేరు వినబడకపోవడమే ఎక్కువ బాధ అని వాళ్లకు ఎవరు చెప్పాలి? రోడ్డు మీద ఫైరింజన్ పోతే ఆమె మిషను ఆపేస్తుంది. చప్పుడు దూరమయ్యేదాకా వింటుంది. “ఏడ అంటుకున్నదే అన్నా?” అని అడగడానికి సాయంత్రం ఇంటికి ఎవరూ రారు.

ఇంట్లో కూడా తలుపు తీసేముందు చేతి వెనకవైపు తలుపుకు ఆనించి చూడటం బాలనర్సింహకు అలవాటు. తలుపు అవతల మంట ఉంటే వేడి తెలుస్తుంది. అరచేయి కాలితే పనిముట్టు పట్టలేరు, అందుకని వెనకవైపు.

“ఇంట్ల మంటలేం లేస్తయి అన్నా?” అని ఈమె నవ్వేది.

“నువ్వు వంట చేస్తున్నవ్ గద. ఏమో, చెప్పలేం,” అనేవాడు.

ఇంకొకటి కూడా ఉండేది, దానికి మాత్రం ఇద్దరికీ రోజూ లొల్లే. వెలుతురు కోసం ఆమె మిషను గుమ్మం దగ్గర వేసుకునేది. ఆయన వచ్చి పక్కకు నెట్టేవాడు. “తలుపుకు అడ్డం ఏం పెట్టకే. దేవుణ్ణి గూడ పెట్టొద్దు.” వినాయక చవితి ముందు పక్కింటివాళ్లు విగ్రహాలు తెచ్చి గుమ్మాలకు అడ్డంగా నిలబెడితే వాళ్లతోనూ అదే తగువు. “స్వామీ, జర పక్కకు జరుగు. మనుషులు బయటికి రావాలె,” అని విగ్రహానికే చెప్పి, తనే మోసి జరిపేవాడు.

రెండేళ్ల కింద నయాపూల్ అవతల, ఈ గోదాములోనే పట్టపగలు మంటలు లేచాయి. బాలనర్సింహ ఇద్దరు హమాలీలను ముందు తలుపు గుండా బయటికి తెచ్చాడు. లోపల ఇంకా ఒకడున్నాడని ఎవరో అరిస్తే మళ్లీ పోయాడు. ఆ ఒకడు అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. ఆ సంగతి చెప్పడానికి ఎవరికీ తోచలేదు. పైకప్పు కూలి ముందుదారి మూసుకుపోయింది. పొగలో గోడ తడుముకుంటూ ఆయన వెనక తలుపు దాకా వచ్చాడు. ఆ తలుపుకు బయట తాళం. తాళం ముందు బట్టల మూటలు. లోపల్నుంచి కొడుతున్న చప్పుడును ఫైరింజన్ డ్రైవర్ సీమోను విన్నాడు. వాళ్లు మూటలు లాగి, తాళం పగలగొట్టేలోగా చప్పుడు ఆగిపోయింది.

తర్వాత తప్పు కరెంటు వైర్లదని తేల్చారు. వైర్లను జైల్లో వేయలేరు కనుక పని అయిపోయింది. గోదాము మళ్లీ లేచింది. వ్యాపారుల సంఘం మనిషి ఇంటికొచ్చి ఫోటో అడిగితే, యూనిఫాంలో ఉన్న ఒకే ఒక్క ఫోటో ఇంద్రజ తీసి ఇచ్చింది.

ఆ ఫోటోనే ఇవాళ చూసింది. గోదాము వెనక భాగంలో పాలరాతి పలక మీద పెద్ద ఫ్రేము. పైన ఎర్ర బల్బు, కింద అగర్‌బత్తీలు, వెనకంతా ‘అమరవీరుడు’ అని రాసిన ఫ్లెక్సీ. అన్న అంత పెద్దగా, అంత శుభ్రంగా కనబడేసరికి ఆమెకు కళ్లు నిండాయి. దగ్గరికి పోయింది. ఫ్రేము పక్కన చెయ్యి ఆనించింది. ఎందుకో అరచేయి కాదు, చేతి వెనకవైపు.

చల్లగా తగిలింది. గోడ కాదు, ఇనుము. వేళ్లతో కొడితే డొల్లగా మోగింది.

అదే తలుపు. ఆమె అరిచింది అప్పుడే.

“గట్లనకు చెల్లె,” పురుషోత్తం సేటు మైకు పక్కన పెట్టాడు. “దొంగల బాధకు బంద్ చేసినం. సాఫ్‌గ గోడ లెక్క ఉన్నదని మీ అన్నను గీడ పెట్టుకున్నం. దినాం అగర్‌బత్తి ముట్టిస్తున్నం, అడుగు కావాలంటె.”

“బట్టల మూటల నడుమ అగర్‌బత్తా? మా అన్న ఉంటె అది నీ అరచేతిల ఆర్పుతుండె సేటు!”

టీ హమాలీ ఫక్కున నవ్వి, సేటు చూడగానే తల దించుకున్నాడు.

“దించుండ్రి ఫోటోను,” అంది ఇంద్రజ.

“దించి ఏడ పెట్టాలె? ముందట షోకేసు, పక్కన కౌంటరు. జాగ లేదు. దించినమంటె ఇగ మూలకే పోతది. మళ్ల మమ్మల్ని అనొద్దు. ఊరంత మర్చిపోయింది, మేమే యాది పెట్టుకున్నం.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అబద్ధమైతే తిట్టి ఊరుకునేది. ఇక్కడ రోజూ ఎంతోమంది ఆ మొహం చూస్తారు. ఎవరీయన అని అడుగుతారు. ఎవరో ఒకరు ఆ పేరు పలుకుతారు. ఇంటికి తీసుకుపోతే చూసేది తనొక్కతే. ఆమె చెయ్యి ఇంకా ఇనుము మీదే ఉంది.

వచ్చినవాళ్లలో అన్న తోటివాడు సీమోను ఒక్కడే. వెనక వరసలోంచి లేచి వచ్చాడు. “ఇంద్రజా, నేను లేపనా?”

“ఆగు సీమోనన్నా. నేనే తీస్త.”

దండ తీసింది. గాజు మీద అంటిన పూరేకులు కొంగుతో తుడిచింది. ఫ్రేము బరువుగా ఉంది. సీమోను ఒక పక్క పట్టాడు.

“అన్నా,” అంది ఫోటోతో, గొంతు తగ్గించి. “జర పక్కకు జరుగు.”

ఫోటోను గుండెకు ఆనించుకుని వ్యాపారుల వైపు తిరిగింది. అప్పుడు మాత్రం గొంతు తగ్గించలేదు.

“ఇగ మీరు లేవుండ్రి. ఆ పలక పీకుండ్రి. ఫ్లెక్సీ చింపుండ్రి. సేటూ, తాళపుచెవి తెప్పియ్యి. అవతల మూటలున్నయో లేవో నాకు చెప్పకు, చూపియ్యి. ఈ తలుపు తెరుచుకోవాలె, నేను దాంట్లకెల్లే బయటికి పోవాలె. తెర్వుండ్రి. ఇప్పుడే తెర్వుండ్రి!”