కుర్చీ వస్తేనే కార్డు

నేను ఒక చక్రాల కుర్చీని. బరువు పద్దెనిమిది కిలోలు. ఈ అంకె గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ఒక ఇరుకు షెడ్డులో ఇనుప గొట్టాలు వంచి నన్ను తయారుచేశారు. ఒక వ్యాపారి నా వీపు మీద తన తండ్రి పేరు రాయించి, ఈ జంక్షన్‌కు దానమిచ్చాడు. ఆ రోజు ఫొటో కోసం నాలో కూర్చున్నది ఆ వ్యాపారే. మర్నాడు నన్ను ఒకటో ప్లాట్‌ఫారం కౌంటరు పక్క స్తంభానికి గొలుసుతో కట్టేశారు. నడవలేనివాళ్లు నన్ను ఎత్తుకుని పారిపోతారని వాళ్ల భయం. అందుకే ఒక నిబంధన పెట్టారు. కూర్చునే మనిషి అసలు ఆధార్ కార్డు తాకట్టు పెట్టాలి. నేను స్తంభం దగ్గరికి తిరిగొస్తేనే కార్డు వెనక్కి ఇస్తారు.

మంగళ, శుక్రవారాల్లో దాలమ్మ వచ్చేది. రెండు కిడ్నీలూ పాడైన మనిషి. నగరంలో డయాలసిస్. కార్డు చూపకపోతే అక్కడ మిషను మీదికి ఎక్కించరు. ఆమె భర్త గవరయ్యకు డెబ్బై ఆరేళ్లు, జనపనార మిల్లులో బేళ్లు మోసి మోసి వంగిపోయాడు. ఒకటో నంబరు మీదే ఆమెను రైలెక్కించి, నన్ను ముప్పై అడుగులు వెనక్కి తోసి, కార్డు తీసుకుని తనూ ఎక్కేవాడు.

ఒక వారం మంగళవారం రైలు రద్దయింది. శుక్రవారానికి దాలమ్మ మొహం ఉబ్బిపోయింది. ఈసారి కూడా తప్పితే బతకదని డాక్టరు ఫోనులో చెప్పాడు.

రైలు ఐదో నంబరు మీదికి వస్తోందని మైకు ఆఖరి నిమిషంలో అరిచింది. లిఫ్టు మూడు నెలలుగా మరమ్మతులో ఉంది. ఇద్దరు పోర్టర్లు దాలమ్మతో సహా నన్ను వంతెన దాటించి, ఆమెను పెట్టెలో కూర్చోబెట్టి, మరో బేరానికి పరుగెత్తారు. ఇంజను మార్చడానికి రైలు పది నిమిషాలు ఆగుతుంది.

"ఆ కుర్చీ ఇక్కడే ఒగ్గేసి ఎళ్లరాదా? నువ్వు మొయ్యనేవు" అంది దాలమ్మ కిటికీలోంచి.

"ఇది కంటబడందే కౌంటర్లో శేషగిరి బాబు కార్డియ్యడే. మిల్లులో ఇంతకి నాలుగింతలు మోసీవోణ్ణి. నువ్వు గమ్మునుండు."

నన్ను మడిచి భుజానికెత్తుకున్నాడు. నలభై నాలుగు మెట్లు. ఇరవయ్యో మెట్టు మీద ఆగాడు. అతని గుండె దడ నా గొట్టాల్లోకి పాకింది. మళ్లీ ఎక్కాడు.

"ఏం తాతా, పెళ్లికూతుర్ని మోసుకొచ్చినట్టున్నావే!" కౌంటరు గుమాస్తా శేషగిరి నవ్వాడు.

"కార్డు, బాబూ."

"రిజిస్టర్లో సంతకమో?"

సంతకం పెట్టాడు. కార్డు పట్టుకుని మళ్లీ వంతెనెక్కాడు. స్తంభం దగ్గర్నుంచి నాకు ఐదో నంబరు కనిపిస్తుంది. అతను మెట్లు దిగేసరికి రైలు కదిలింది. పెట్టె వెంట పరుగెత్తి కిటికీలోకి చెయ్యి చాచాడు. కార్డు అందింది. ఆఖరి పెట్టె దాటిపోయాక చూస్తే గవరయ్య ప్లాట్‌ఫారం మీద బోర్లా పడి ఉన్నాడు.

పోర్టర్లు కేకలు వేశారు. శేషగిరి ఏ కార్డూ అడగకుండా గొలుసు విప్పాడు. నన్ను వంతెన దాటించేసరికి నా అవసరం తీరిపోయింది.

సాయంత్రం రైలు ఒకటో నంబరు మీదికే వచ్చింది. దాలమ్మ తలుపు కడ్డీ పట్టుకుని దిగింది. నగరంలో ఎవరో చెయ్యిచ్చి ఆస్పత్రికి చేర్చినట్టున్నారు, మొహం వాపు తగ్గింది. చేతిలో ఇడ్లీ పొట్లం ఉంది.

"మా ముసిలోడేడి బాబూ? పొద్దున్నించి ఏటీ తిన్నేదు. రైలు తప్పిపోనాదని నామీద అలిగి కూకున్నాడా?"

శేషగిరి నన్ను ఆమె వెనక్కి తెచ్చాడు. "ముందు కూర్చోమ్మా."

"ఆడేడి?"

"కూర్చో, చెప్తాను."

పోర్టర్లు తలలు దించుకున్నారు. దాలమ్మ వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. నాలుగేళ్లుగా ఆసరా లేకుండా నిమిషం కూడా నిలబడని మనిషి. అయినా కూర్చోలేదు. ఆ మాట నిలబడే విన్నది.