రెండు వేళ్ళ ఎత్తు

ఇలా దగ్గరికి జరుగు, కాళ్ళు ముడుచుకుని కూర్చో. మన వడ్రంగి మేస్త్రి అప్పుడు నర్సమ్మ ఇంట్లో గోడగోడకూ చెంప ఆనించి చూస్తున్నాడు. వంటింటి గోడ వెచ్చగా ఉంది. బట్టలుతికే మిషన్ పక్క గోడ అదురుతోంది. మెట్ల కింది గోడకు చెంప తగలగానే కళ్ళు మూసుకుని నవ్వాడు. అక్కడ కొత్త కుండలా చల్లగా ఉంది, చీకటిగానూ ఉంది.

"ఇక్కడే తల్లీ. ఇక్కడైతే నేనూ పడుకుంటాను."

"మీరు పడుకుంటే సీసాలకు చోటేదీ?" అంది నర్సమ్మ.

ఆవిడ ఆసుపత్రి కొలువు నుంచి రిటైరైంది. ఆ ఏడే మనవరాలు పుట్టిందని ఆవిడ తమ్ముడు తన తోట ద్రాక్షతో వైన్ చేసి, పన్నెండు సీసాలు పంపాడు. పిల్లకు ఇరవై నిండిన రోజున తెరవాలని మాట. అందాకా వాటికొక చెక్క అర కావాలి. మేస్త్రి నలభై ఆరేళ్ళుగా తలుపులు, మంచాలు, ఉయ్యాలలు చేశాడు గానీ, సీసాలు పడుకునే అర చేయడం అదే మొదలు. అదే ఆఖరు కూడా. వయసు మీదపడి చేతులు వణకసాగాయి. ఈ పని ముగిసిన మర్నాడే భార్యతో కూతురి ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఆఖరి పనికి వంక రాకూడదని వారం రోజులు ఆ అర చెక్కలను బిడ్డ వీపులా నిమురుతూ చిత్రిక పట్టాడు.

ముందు పట్టీకి సీసా మెడ ఆనే చిన్న గాట్లు, వెనక పట్టీకి పొట్ట ఆనే పెద్ద గాట్లు. సీసాలన్నీ పడుకోబెట్టాడు. మూతులు కాస్త పైకి లేచి, దుప్పట్లోంచి తొంగిచూసే పిల్లల్లా ఉన్నాయి.

నర్సమ్మ వంగి చూసింది. ఒక సీసా మూతిని వేలితో తట్టింది. ఆ తట్టడమే మేస్త్రికి నచ్చలేదు.

"ఏం తల్లీ, వంకరుందా?"

"వంకర లేదు. మూతులు పైకెందుకున్నాయి?"

"కారకుండా! నూనె సీసా అయినా, మందు సీసా అయినా మూత తడవకూడదు కదా. మీరు అడక్కపోయినా నేనే అర ముందు కాళ్ళకు రెండు వేళ్ళ ఎత్తు పెట్టాను."

"అయ్యో మేస్త్రీ, ఈ బిరడా తడిగా ఉంటేనే బిగుసుకుని ఉంటుందట. ఎండితే గాలి దూరి లోపలిదంతా పులిసిపోతుందట."

మేస్త్రి మొహం వాడిపోయింది. ఇరవై ఏళ్ళ తరవాత ఆ పిల్ల మొదటి గుక్కకే మొహం చిట్లిస్తే? సర్దిచెప్పడానికి తను ఉండడు. పని మాత్రం ఉంటుంది.

అప్పుడే క్యారేజీ పట్టుకుని వచ్చిన భార్య సంగతంతా విని, పకపకా నవ్వింది.

"నీ మంచితనమెప్పుడూ అంతేనయ్యా! మన మంచానికీ తలవైపు ఎత్తు పెట్టి, ముప్పై ఏళ్ళు నన్ను కాళ్ళవైపుకు జార్చావు. ఆ ముందు కాళ్ళు కోసి పారెయ్!"

"ఆ మాట నేనే అనబోతున్నా."

"అంటావులే. ఇటింత అటింత కోస్తూ పోయి పీట చేసేవు, జాగ్రత్త."

సీసాలు దించి అరను పడుకోబెట్టారు. ఆడవాళ్ళిద్దరూ చెరోవైపు అదిమి పట్టారు. రంపం గీత మీద పడగానే మేస్త్రి చేతి వణుకు ఎటు పోయిందో మరి! రెండు ముక్కలు టక్కుమని రాలాయి. మళ్ళీ అర నిలబెట్టి, సీసాను పడుకోబెట్టి టార్చి వేసి చూస్తే, లోపలి గాలిబుడగ వెనక్కీ ముందుకీ ఊగి, నడుమన నిలిచింది. బిరడా తడిసింది.

"ఇరవై ఏళ్ళకు మీరూ రావాలి," అంది నర్సమ్మ.

"నా కాళ్ళు కోయకుండా ఉంచితే వస్తాను తల్లీ."

ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

మర్నాడు మేస్త్రి బస్సెక్కాడు. కూతురింట్లో నాలుగేళ్ళు హాయిగా గడిపి, ఓ మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. ఇరవై నిండిన రోజున మనవరాలు లాగిన బిరడా తడితడిగా ఊడివచ్చింది. మొదటి గుక్క మేస్త్రి పేరనే తాగారు. పిల్ల మొహం చిట్లించలేదు, ఇంకో గుక్క అడిగింది.

ఇది నువ్వూ ఎవరికైనా చెప్పు. అర సంగతి మరిచినా సరే, మేస్త్రి కోసిన ఆ రెండు చెక్క ముక్కల్ని మాత్రం మరవకు. పళ్ళొచ్చే రోజుల్లో నర్సమ్మ మనవరాలు వాటినే కొరికేది. అంచున చిన్న చిన్న పాలపళ్ళ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.