వెనక గేటు ఎర్ర బకెట్టు

నేను ఒక ఎర్ర బకెట్టును. ఆ మధ్యాహ్నం చెంగల్రాయుడు నన్ను కొక్కెం మీది నుంచి ఊడబెరికి, పొగలోకి నాలుగంగలు వేసి, నాలో ఉన్నదంతా మంట మీదికి విసిరాడు. ఎగిరి పడింది ఇసుక కాదు, పుదీనా. ఏపుగా పెరిగిన పుదీనా, దాని వేళ్ళకు అంటుకున్న కాస్త మట్టి. మంట దాన్ని లెక్కచేయలేదు. వెనక గేటు అవతల ఎండిన బోదగడ్డిని నమిలేస్తూ గద్దరాళ్ళ కొండ ఎక్కింది. గాలి మళ్ళగానే సగం మంట వెనక్కి తిరిగి కాలనీ మీదికి వచ్చింది.

"ఇందులో ఇసక యాడ పోయిందక్కా?" అని దగ్గుతూ అడిగాడు చెంగల్రాయుడు.

వాళ్ళక్క నాగరత్నమ్మ ఆగలేదు. తమ్ముడి మనవడిని కొంగులో చుట్టుకుని ముందు గేటు వైపు పరుగెత్తుతోంది. ఇసుక పారబోసి పుదీనా నాటింది ఆవిడే. ఊరికే వేలాడుతోంది కదా అనుకుంది.

ఆవిడను తప్పుపట్టను. మనుషులు నన్ను నా పనికి వాడుకున్నది తక్కువ. నా అడుగు గుండ్రంగా ఉంటుంది, నేల మీద పెడితే దొర్లిపోతాను. మామూలు బకెట్టులా చేస్తే నీళ్ళు మోసుకోవడానికి ఎత్తుకుపోతారని ఇలా చేశారట. మంటలార్పే వస్తువును చేసేటప్పుడు కూడా మనిషికి ముందు గుర్తొచ్చింది దొంగే.

చాలాకాలం ఒక సినిమా హాల్లో నేల క్లాసు గోడకు వేలాడాను. ఇంటర్వెల్లో నా ఇసుకలో బీడీలు గుచ్చారు, వక్కాకు ఉమ్మారు. హాలు కూలి కల్యాణమండపం అయ్యాక పాతసామాన్ల కొట్టుకు చేరాను. చెంగల్రాయుడు బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. డిపోలో ఇలాంటి బకెట్లే ఉండేవట. నన్ను చూడగానే ముచ్చటపడి కొన్నాడు. రంగు వేయించి, ఇసుక నింపి, వెనక గేటు పక్కన తగిలించాడు.

అందుకే ఆ నిప్పు ఎలా పుట్టిందో నేను చూశాను. ఎవరి చేతి మీదుగానో కూడా చూశాను. చెప్పడానికి నోరు లేదు.

ఫైరింజను వచ్చింది గాని, వీధికి రెండు పక్కలా నిలిపిన కార్ల మధ్య ఇరుక్కుని హారన్ కొడుతూ ఉండిపోయింది. అది లోపలికి వచ్చేసరికి గేటు పక్క ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకులు మైనంలా కుంగిపోయాయి. తలుపులు బొగ్గయ్యాయి. ప్రాణాలు పోలేదు. కొండ వారన మేకలు కాసుకునే గంగులమ్మ దొడ్డి మాత్రం బూడిద కుప్పయింది. ఆమె మేకలతో పైన రాళ్ళ మీద ఉండబట్టి బతికింది.

తర్వాత కాలనీ మారింది. మసి కడిగారు, తలుపులు బిగించుకున్నారు. గేటు అవతల గడ్డి కోసి, మంట దాటలేనంత వెడల్పున నేల చదును చేశారు. కార్లు ఒక పక్కకే పెట్టుకున్నారు. సాధన కోసం ప్రతి ఆదివారం పొద్దున విజిల్ ఊదితే అందరూ ముందు గేటు దగ్గర చేరాలి, నడవలేనివాళ్ళను కుర్చీతో సహా మోసుకెళ్ళాలి. ఒక పెద్దాయనకు అది ఎంత నచ్చిందంటే, ఇంకోసారి మోయమన్నాడు. నాకు మళ్ళీ ఇసుక పోశారు.

అయితే మనిషికి జాగ్రత్త ఒక్కటే చాలదు, దోషి కూడా కావాలి. కొత్త చిగుళ్ళ కోసం మేకలవాళ్ళు గడ్డి తగలబెడతారని చెంగల్రాయుడు తేల్చాడు. గేటును వెల్డింగ్ చేసి శాశ్వతంగా మూసేయాలన్నాడు. కొండకు రెండో పక్కంతా ఎవరిదో ప్రహరీ గోడ. ఊళ్ళోంచి కొండకు గంగులమ్మకున్న దారి ఈ గేటొక్కటే. అది మూస్తే మేకల్ని అమ్ముకోవలసిందే.

"నా మేత నేనే కాల్చుకుంటానా సార్?" అంది గంగులమ్మ. "నిప్పు కొండ మింద నుంచి దిగలేదు. ఈ గేటు కాన్నుంచే పైకి పాక్కుంటా వచ్చింది." ఎవరూ వినిపించుకోలేదు.

గేటు మూయాల్సిన ఆదివారం అందరూ నా దగ్గరే చేరారు. వెల్డింగ్ మనిషి మిషను దించుకుని కూర్చున్నాడు. గేటు అవతల గంగులమ్మ మేకలతో నిలబడింది. చెంగల్రాయుడు ముందు కొత్త నియమాలు చెప్పాడు. ఆకులు తగలబెట్టకూడదు, గేటు దగ్గర బీడీ వెలిగించకూడదు.

నాగరత్నమ్మకు సందేహం వచ్చింది. "పసిబిడ్డ ఉండే ఇల్లు మనది. దిష్టి తీసిన నిప్పులు ఇంకమీదట యాడ పారెయ్యాల?"

"నీళ్ళతో ఆర్పేసి పారెయ్యక్కా. గేటు బయట మాత్రం వద్దు."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆవిడ మొహం మారింది. "మరి మంట రేగిన పొద్దు యాడ పారేస్తివి?"

ఆయన వెల్డింగ్ మనిషి వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పి వెల్డింగ్ మనిషికి సైగ చేస్తే చాలు, సంగతి అక్కడితో సమసిపోయేది. చెయ్యి సగం లేచింది కూడా. గేటు ఊచల అవతల గంగులమ్మ ఆయన్నే చూస్తోంది. చెయ్యి దిగిపోయింది.

"ఈడనే, గేటు బయట. ఎవరూ తొక్కని చోట పారేసి, వెనక్కి తిరిగి చూడకుండా రమ్మని నువ్వే చెప్తివి గదక్కా."

"చూసినావా?"

"చూళ్ళేదు."

నేను చూశాను. ఆయన విసిరిన మట్టి మూకుడు పగిలింది. మిరపకాయలతో పాటు నిప్పులు గడ్డిలోకి దొర్లాయి. ఒక్కసారి మెడ తిప్పి ఉంటే చెప్పుకాలితో తొక్కి ఆర్పేసేవాడు. అక్క మాట జవదాటని తమ్ముడు. తిన్నగా ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, భోజనానికి కూర్చున్నాడు.

వెల్డింగ్ మనిషి మొదలుపెట్టమంటారా అని అడిగాడు. నాగరత్నమ్మ వెళ్ళి గేటు గడియ తీసి, తలుపు బార్లా తెరిచింది.

"గంగులమ్మా, నువ్వు లోపలికి రామ్మా. అందరూ ఇనండి. దిష్టి తీసింది నేను. కొండకు నిప్పు పెట్టింది మా చెంగల్రాయుడు."