రెబెకమ్మ పెరట్లో శాసనం

ఉదయగిరి కొండ కింది పల్లెలో మాజీ సర్పంచ్ రామనారాయణకు ఒక బెంగ ఉండేది. నెల్లూరు పోతే అక్కడివాళ్లు ఆయన్ని సీమవాడంటారు. బద్వేలు పోతే వియ్యంకులు కోస్తావాడంటారు. మనకంటూ ఒక చరిత్ర ఉండాలని కమిటీ వేశాడు. అధ్యక్షుడు తనే. తన పూర్వీకులు కొండ మీది కోటను కాపాడిన సేనానులని కరపత్రం కూడా అచ్చు వేయించాడు. ఆధారం ఒక్కటే దొరకలేదు.

అది రెబెకమ్మ పెరట్లో దొరికింది. ముప్పై ఏళ్లుగా బట్టలుతికే బండ అరిగిపోయిందని ఆమె మనుషుల్ని పెట్టి తిప్పిస్తే, కింది వైపు పాత అక్షరాలు కనిపించాయి. అరగంటలో రామనారాయణ ట్రాక్టరుతో దిగాడు.

"ఇది మావాళ్ల రాయి రెబెకమ్మా. కోట మీద నుంచి దొర్లుకుంటా వచ్చుండాది."

"దొర్లుకుంటా వచ్చి మా ఇంటికాడే ఎందుకు నిలిచిందయ్యా?"

"నీకు చరిత్ర తెలీదులే."

రాయిని రచ్చబండ పక్కన నిలబెట్టి పూలదండ వేశారు. చదవడానికి ఆత్మకూరు కాలేజీలో చరిత్ర చెప్పే సుకుమారిని పిలిపించారు. ఆదివారం షామియానా, మైకు, ఊరంతా కుర్చీల్లో. సుకుమారి కారు దిగి నేరుగా రెబెకమ్మ దగ్గరికి పోయి "బాగుండావా పెద్దమ్మా" అంది. ఆమె రెబెకమ్మకు చుట్టమని అప్పుడే తెలిసిన రామనారాయణ మొహంలో నవ్వు కొంచెం తగ్గింది.

ఆమె అక్షరాల మీద ముగ్గుపిండి రుద్ది, మైకు తీసుకుని చదివింది. శత్రువుల దండు వచ్చినప్పుడు ఊరి పెద్దలు అడవిలోకి పోయారు. అదే సమయంలో వానకు చెరువుకట్ట తెగబోతుంటే ఓబడు, పోలడు, చెంచి అనే ముగ్గురు కూలివాళ్లు నిలబడి కట్టను కాపాడారు.

"ఆ పారిపోయినోళ్ల పేర్లు రాసుండాయా మేడం?" అన్నాడు రామనారాయణ.

"లేవండి."

"అయితే వాళ్లు మావాళ్లు కాదు. చదవండి."

"ఆ ముగ్గురికీ, వాళ్ల పిల్లల పిల్లలకూ చెరువు కింది మాగాణి పన్ను లేకుండా ఇచ్చినారు."

కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. చెరువు కింది మాగాణి ఎవరిదో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అందరూ రామనారాయణ వైపు చూశారు.

"మైకు ఆపండ్రా!" అన్నాడాయన. తర్వాత గొంతు సవరించుకుని, మైకు లేకుండానే చెప్పాడు. "ఎప్పటి సంగతులో ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తాది? మనమంతా ముందుకు పోవాల. టిఫిన్లు ఉండాయి, తినిపోండి."

మరునాడు పొద్దున్నే రాయి రెబెకమ్మ పెరట్లో ఉంది. దండ కూడా తీయలేదు. ఆమె దాన్ని గోడకు ఆనించి పెట్టించి, ఉతకడానికి వేరే బండ చూసుకుంది. కమిటీ మాత్రం రద్దు కాలేదు. ఇంకో ఊళ్లో ఇంకో రాయి ఉందని వెతుకుతోంది.

ఆ వారం సుకుమారి మళ్లీ వచ్చి రాయిని ఫొటోలు తీస్తుంటే, నలభై ఏళ్లు ఆ చెరువు నీళ్లు పొలాలకు పారించిన ఆదెయ్య వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు.

"ఆ పేర్లు ఇంకోసారి చదువు పాపా."

"ఓబడు, పోలడు, చెంచి."

ఆదెయ్య చెయ్యి చాపి ఆ అక్షరాలు తడిమాడు.

"రాసినోడు ఎట్టన్నా రాసుకోనీ. నువ్వు మాత్రం ఓబయ్య అను. పోలయ్య అను. చెంచమ్మ అను."

సుకుమారి కెమెరా పక్కన పెట్టి, అలాగే చదివింది.