నాలుగు మూలల పసుపు

నేను ఒక కూపన్ని. బట్టల సబ్బుపొడి ప్యాకెట్లో పుట్టిన పసుపుపచ్చ కాగితం ముక్కని. నా ముఖం మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో ‘యాభై చేర్చండి, మిక్సీ ఉచితం’ అని అచ్చువేశారు. వీపు మీద చీమ తలకాయలంత అక్షరాలతో నిబంధనలు రాశారు. మనిషి ముందువైపే చదువుతాడని నన్ను చేసినవాళ్లకు బాగా తెలుసు.

పలాసలో కూర్మారావు కిరాణా కొట్టుకు చేరాను. అక్కడికి అసిరమ్మ పావుకిలో బట్టల సోడా కోసం వచ్చింది. ఆమెది జీడిపిక్కలు కొట్టే పని. పిక్క పగిలినప్పుడల్లా చిమ్మే జీడిరసం, పదేళ్లుగా ఆమె వేళ్ల కొసలను తినేస్తోంది. నల్లబడి, తోలు ఊడి, ఆ వేళ్లు చూడటానికే కష్టంగా ఉండేవి. ఈ పని మానకపోతే పుళ్లు మానవని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పేసింది. మానేసి బస్టాండు దగ్గర ఇడ్లీల బండి పెట్టాలని అసిరమ్మ ఆశ. కానీ ఆ చేతులతో రోట్లో మిరపకాయల పచ్చడి నూరడం ఎలా? మిక్సీ కావాలి. కొనే తాహతు లేదు.

“ఈ సబ్బుపొడి పేకెట్లో కూపనుంటాదప్పా. యాభై పోగేత్తే మిక్సీ ఊరికినే ఇత్తారట,” అన్నాడు కూర్మారావు.

“ఊరికినేనా?” అంది అసిరమ్మ. సోడా మాట మరిచిపోయింది.

అలా నేను మొదటి కూపన్నయ్యాను. చీర చెంగుతో తుడిచి నన్ను బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. తరువాత వారానికొకరు చొప్పున నా తోబుట్టువులు వచ్చారు. ఊరికే వచ్చారా? సోడాతో సరిపెట్టుకున్న ఇంట్లోకి ఖరీదైన సబ్బుపొడి వచ్చింది. దాని కోసం వంటనూనె తగ్గింది, పిల్లల పాలు తగ్గాయి. ప్యాకెట్లు తొందరగా అయిపోవాలని ఉతికిన దుప్పట్లనే మళ్లీ ఉతికేది. ఆ సబ్బునీళ్లకు వేళ్లు ఇంకా మండేవి. ఖర్చు పెట్టి పొదుపు చేసే ఈ విద్య మనుషులకే చేతనవును. డబ్బాలో పడుకుని నేను నవ్వుకునేవాణ్ణి. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పది నెలలు దాటాక, ఒక మంగళవారం యాభయ్యోది వచ్చింది. కంపెనీవాళ్లిచ్చిన గళ్ల కాగితం మీద అన్నం మెతుకులతో అందరినీ అంటించింది. మొదటివాణ్ణి కనుక పైమూలలో నేను. నా వీపు, దాని మీది చీమ అక్షరాలు, మెతుకుల కింద పడి మూసుకుపోయాయి.

మర్నాడే టెక్కలిలోని బహుమతుల కౌంటరుకు బయలుదేరబోతే తోడికోడలు దాలమ్మ ఆపింది. తనకొచ్చిన కూపన్లు ఆరింటిని మారుమాట లేకుండా ఇచ్చేసిన మనిషి. “సుక్కురోరం ఎల్లు. మంచిపనికెల్లే కాయితాన్ని బోడిగా అట్టుకెల్తావేటే? పసుపెట్టు!” అంది.

శుక్రవారం దేవుడి గూట్లో మమ్మల్ని పెట్టి, తడిపిన పసుపు నాలుగు మూలలా అద్ది, మీద కుంకుమ బొట్టు పెట్టింది అసిరమ్మ. తొలి బొట్టు నాకే. శుభలేఖకు జరిగే మర్యాద సబ్బుపొడి కూపనుకు జరిగిందని ఎంత పొంగిపోయానో!

కౌంటరులో కళ్లజోడాయన కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. “మరకలున్న కూపన్లు చెల్లవమ్మా.”

“మరకేటి బాబూ? పసుపు కదా అది!”

“రూలమ్మా. కూపను వెనకాల రాసుంది. ఈ నాలుగు మూలలవీ పోను నలభై ఆరే లెక్క. ఇంకో నాలుగు తెస్తే ఇప్పుడే ఇచ్చేస్తాను. ఈ సాయంత్రంతో స్కీము ఆఖరు.”

ఆయన వెనకే అట్టపెట్టెలో మిక్సీ కనబడుతోంది. అసిరమ్మ పరుగున ఎదుటి కొట్టుకు వెళ్లి, బస్సు చార్జీ ఉంచుకుని మిగిలినదంతా పెట్టి నాలుగు ప్యాకెట్లు కొంది. అక్కడే అరుగు మీద పళ్లతో చించింది. ఒకదాంట్లో లేదు. రెండోదాంట్లో లేదు. పొడిలోకి చెయ్యి దూర్చి వెతికింది.

“కొత్త సరుకులో కూపన్లు రావట్లేదమ్మా,” అన్నాడు కొట్టాయన.

మళ్లీ కౌంటరుకు వచ్చి గోటితో నా పసుపు గీకింది. పసుపు పోలేదు, నా అంచు చిరిగింది. కళ్లజోడాయన తల దించుకున్నాడు. ఆయన చెడ్డవాడైతే నాకు కొంత ఊరటగా ఉండేది.

ఇంటికొచ్చాక దాలమ్మ గుమ్మంలో కూలబడి, “నానే సెప్పినాను. నా నోరు పడిపోనూ!” అని ఏడ్చింది. అసిరమ్మ ఏడవలేదు. చిరిగిన ప్యాకెట్లలోని పొడినంతా ఒక డబ్బాలో పోసుకుంది. సోమవారం నుంచి మళ్లీ జీడిపిక్కల పనికి వెళ్లింది. ఇడ్లీ బండి ఊసు ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.

పసుపుబొట్టు పెట్టిన కాగితాన్ని చెత్తలో వేయకూడదట. అందుకని మమ్మల్ని పారేయలేదు. నేనిప్పుడు దేవుడి గూట్లో, పటాల వెనక ఉన్నాను. కొంపముంచినవాణ్ణి. రోజూ తెల్లవారి పనికి వెళ్లేముందు అసిరమ్మ దీపం పెట్టి, దేవుళ్లతోపాటు నాకూ దణ్ణం పెడుతుంది. అరచేతులు ఆనిస్తుంది. వేళ్ల కొసలు మాత్రం కలపదు. తగిలితే మంట.